వెనకాల నిలబడ్డవాళ్ళు

మొన్న బర్మాలో మా ఊరి లత పేటలో ఒక టీ దుకాణంలో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఒకే ఫోన్ మీదికి వంగి పడీపడీ నవ్వుతున్నారు. తొంగి చూస్తే ఇండోనేసియా వాళ్ళ దెయ్యం వీడియో. ఒకడు తెల్లగుడ్డ చుట్టుకుని శవంలా తయారై చెట్టు చాటు నుంచి గెంతుతాడు. తినుబండారాల బండి దగ్గర నిలబడ్డ జనం ప్లేట్లు పారేసి పరుగో పరుగు. కథంతా అంతే. కుర్రాళ్ళు దెయ్యాన్ని చూస్తున్నారు. ఆ వీడియోల్లో చూడవలసింది దెయ్యాన్ని కాదని చెప్పే మనిషి ఒకావిడ మా వీధిలో ఉండేది.

ఆవిడకు మూడు పేర్లుండేవి. మా క్రైస్తవ సంఘం పుస్తకంలో ఒకటి, గుర్తింపు కార్డు మీద బర్మా పేరొకటి, పుట్టింటి వాళ్ళు పిలిచేది ఇంకొకటి. ఏదీ ఇక్కడ రాయను. తాకేటా పేటలో మా వీధి మొత్తానికీ ఆవిడ అప్ప. తెలుగు ఒక్క ముక్క రాని బర్మా పిల్లలు కూడా "అప్పా, వడలు" అనే వచ్చేవారు. సైన్యం గద్దెనెక్కిన ఏడాది వానాకాలంలో పోయింది. ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఊరంతా బారులు తీరి నిలబడిన రోజులవి. సమాధి దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. నేను సంఘంలో డీకన్ని, అంటే మామూలు రోజుల్లో కుర్చీలు సర్దించేవాణ్ణి, చావు రోజున ముందు నిలబడవలసినవాణ్ణి. నన్నూ రానివ్వలేదు.

వీధి మొదట్లో, మందుల కొట్టు అరుగు మీద ఆవిడ మూకుడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పొయ్యి వెలిగేది. ఎడమ చేతి పక్కన నూనె డబ్బా, దానికి ఆనించి ఫోను. కుడి చేత్తో పిండి అరచేతిలో అద్ది, మధ్యలో బొటనవేలితో చిల్లు పెట్టి నూనెలోకి జార్చేది, కళ్ళు మాత్రం ఫోను మీదే. ఉన్నట్టుండి అదే పిండి వేలితో వీడియో ఆపేది. రెండు వేళ్ళూ పెట్టి బొమ్మను పెద్దది చేసేది. అప్పుడు ఆవిడ మొహం పొయ్యి కంటే వేడిగా ఉండేది. ఒక క్షణం తర్వాత "కాదు" అని గొణిగి, లుంగీ అంచుతో తెర తుడిచి, మళ్ళీ నడిపించేది. ఈలోగా వడలు నల్లబడేవి. మా వీధిలో వడ మాడిందంటే ఆవిడకు ఎవరో కనిపించారన్నమాట. మాడినవి ఊరికే ఇచ్చేసేది కాబట్టి పిల్లలకు ఆ వీడియోలంటే మహా గౌరవం.

ఆవిడ వెతుకుతున్నది కొడుకుని. ఒక్కడే కొడుకు. తండ్రి సేక్కాన్ రేవులో మూటలు దించుతూ దించుతూ గుండె ఆగి పోయాక, రేవు పని వద్దన్నాడు. ఎవడో దళారీ చేపల ఫ్యాక్టరీ పని అంటే థాయిలాండు వెళ్ళాడు. ఫ్యాక్టరీ లేదు, ఏమీ లేదు, చేపలు పట్టే పడవ ఎక్కించారు. చాలా నెలల తర్వాత మా ఇంటికి ఫోన్ చేశాడు, అప్పట్లో వీధిలో ఫోనున్నది మా ఇంట్లోనే. నేనే పరిగెత్తి ఆవిడను పిలుచుకొచ్చాను. "ఇండోనేసియా అమ్మా, ఏదో దీవి, ఊరిపేరు నా నోట్లో తిరగట్లేదు" అన్నాడట. బాగానే తింటున్నానన్నాడట. మూడో మాటకు లైను పోయింది. మళ్ళీ రాలేదు.

కొన్నేళ్ళకు అలా దీవుల్లో చిక్కుకుపోయిన మన పిల్లల్ని కొందరిని విమానంలో తీసుకొచ్చారు. ఆవిడ విమానాశ్రయానికి వెళ్ళి నిలబడింది. దిగినవాళ్ళలో వాడు లేడు. దిగిన వాళ్ళొకటి చెప్పారు. రానివాళ్ళు ఇంకా ఉన్నారట, యజమానికి భయపడి అడవుల్లోకి పారిపోయినవాళ్ళూ, అక్కడి పిల్లల్ని చేసుకుని ఊళ్ళల్లో కలిసిపోయినవాళ్ళూ. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చింది ఆవిడ. ఇంక వదల్లేదు.

అలా మొదలైంది ఈ వీడియోల పిచ్చి. అసలు అంతకుముందే, మలేసియాలో పనిచేసి వచ్చిన ఒకతను ఇండోనేసియా సీరియళ్ళ డిస్కులు తెస్తే అరువడిగి చూసేది. అవి ఆవిడకు నచ్చలేదు. నచ్చకపోవడమేమిటి, వాటిని తిట్టేది. ఎప్పుడు చూసినా పెద్ద మేడ, ఒక సోఫా, సోఫాలో ఏడ్చే కోడలు, మెట్ల మీద నిలబడి కళ్ళెర్రజేసే అత్త.

"ఏటి బాబూ ఈ దేశం! ఎవులూ ఈదిలోకి రారా? కూరగాయలు కొనుక్కోరా? ఇంటికాడ కూకుని ఏడవడమేనా?" అనేది నాతో.

"సీరియల్ అప్పా. సెట్టింగు వేసి తీస్తారు."

"సెట్టింగైతే మాత్రం కిటికీ పెట్టినారు గదా. ఆ కిటికీ ఒక్కసారి తీత్తే ఏటి పోద్ది?"

పాపాత్ముల సీరియళ్ళు కొంచెం నయం అనేది. వడ్డీలతో జనాన్ని పీడించినవాడు చచ్చిపోతే శవపేటిక గాలికెగిరిపోయి బురదలో పడడం, నిప్పంటుకోవడం, అలాంటివి. మా సంఘంలో కొందరు ఆడవాళ్ళకు వాటిలో భక్తి కనిపించేది. ఈవిడకు కనిపించింది శ్మశానం దాకా నడిచే ఊరేగింపు. "నలబై మంది కనబడతారు" అనేది సంతృప్తిగా.

తర్వాత సిమ్ కార్డులు చవకయ్యాయి, మా తాకేటాలో కూడా చేతికో ఫోను వచ్చింది. అదే కాలంలో అక్కడ ఇండోనేసియాలో కూడా మేడలూ సోఫాలూ వదిలి ఎవడికి వాడు ఫోను పట్టుకుని వీధిలోకి వచ్చేశాడు. పల్లెటూరి పెళ్ళి పందిట్లో పాటగత్తె, ఆమె ముందు గంతులేసే జనం. చేపల బజార్లో గిన్నెడు కారం కలుపుకుని లొట్టలేస్తూ తినేవాడు. మోటారుసైకిల్ టాక్సీ నడుపుతూ హాస్యాలాడేవాడు. రేవు గట్టు మీద వరసగా నిలబడి డాన్సు చేసే పడవ కుర్రాళ్ళు. లోకమంతా ముందున్నవాణ్ణి చూసి నవ్వింది. ఆవిడ వెనకున్నవాళ్ళను చూసింది. ఒక దేశం వినోదం ఎలా ఎదిగిందో పెద్దపెద్దవాళ్ళు వ్యాసాలు రాస్తే రాసి ఉంటారు. అప్ప లెక్కలో దాని చరిత్ర ఒకటే, ఏడాదికేడాది వెనకాల జనం ఎక్కువగా కనిపిస్తున్నారు, అందుకని అది బాగుపడుతోంది.

అన్నిట్లోకీ గొప్పవి దెయ్యం వీడియోలు. దానికి కారణం నాకు ఓపిగ్గా చెప్పింది.

"డాన్సు సూసేటోడు అటు తిరిగుంటాడు, ఈపు కనబడతాది. తినేటోడు కంచంలోకి సూత్తాడు. బయపడ్డోడు సూడు, గబుక్కున ఇటు తిరుగుతాడు. మొగం నిండా కనబడతాది. బయం ఏసినపుడు అబద్దం మొగం పెట్టలేడు బాబూ ఎవుడూ."

"మరి వాడు నవ్వే మొహం కదా ఎప్పుడూ. భయపడితే నువ్వు గుర్తుపట్టగలవా?"

"పడవెక్కినోడు నవ్వుతాడేటి?" అంది.

మొహం ఒక్కటే కాదు, ఇంకొక గుర్తు కూడా పెట్టుకుంది. బర్మాలో పెరిగిన మగవాడు ఎంత ప్యాంటు తొడిగినా, నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో నడుం దగ్గర లేని లుంగీ ముడి సర్దుకుంటాడని ఆవిడ సిద్ధాంతం. నేను నమ్మలేదు. తర్వాత ఆఫీసులో నన్ను నేనే చూసుకుని నోరు మూసుకున్నాను. అలా ఒకసారి ఒక చేపల బజారు వీడియోలో మంచు పెట్టెల మధ్య ఒకడు నడుం సర్దుకుంటూ దొరికాడు. మా అమ్మాయి చేత, ఫోనులో ఉండే అనువాదం పెట్టి, ఆ వీడియో తీసినవాడికి ఉత్తరం రాయించింది. మీ వెనకాల నీలం చొక్కా మనిషి ఎవరు బాబూ అని. వాడు మర్యాదగానే జవాబిచ్చాడు. అతను మా మేనమామ, నడుం నొప్పి, అని. మా అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. అప్ప కూడా నవ్వింది. "పాపం, ఆ మావని నూనె రాసుకోమని రాయి" అని చెప్పి మళ్ళీ పిండి కలుపుకోవడానికి వెళ్ళిపోయింది.

ఇలా ఎన్నేళ్ళు గడిచాయో. ఆ ఫిబ్రవరిలో సైన్యం అధికారం తీసుకుంది. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. మా అమ్మాయి, దాని స్నేహితులు, రోజూ ఊరేగింపులకు పోయేవారు. ప్రతివాడి చేతిలోనూ ఫోను, ప్రతి ఫోనూ ఏదో ఒకటి లోకానికి చూపిస్తూనే ఉంది. అప్ప పొయ్యి ఆర్పేసి వాళ్ళ వెంట వెళ్ళడం మొదలెట్టింది. ఈ వయసులో ఈవిడకు రాజకీయమేమిటని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. నేను మెచ్చుకున్నాను కూడా. రెండు రోజుల తర్వాత మా అమ్మాయి అసలు సంగతి కనిపెట్టింది. అప్ప నినాదాలివ్వదు, అందరిలా నిరసనగా మూడు వేళ్ళెత్తదు. ఎవడైనా ఫోను పట్టుకుని మాట్లాడుతుంటే వాడి భుజం వెనకాల వెళ్ళి నిలబడుతుంది. బుగ్గల మీద బర్మా ఆడవాళ్ళు రాసుకునే తనకా గంధం గుండ్రంగా పూసుకుని, గొడుగు పక్కకు వంచి, నేరుగా కెమెరా కేసి చూస్తూ. అది అయిపోగానే ఇంకొకడి వెనక్కి.

"ఆడూ నాలాగే ఎతుకుతుంటే?" అంది, నేనడిగితే. "లోకమంతా ఇప్పుడు మన ఊరు సూత్తన్నాది. నాను కనబడొద్దేటి?"

ఇంత తేలిక సంగతి ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదా అనిపించింది. తల్లి కొడుకుని వెతుకుతుందని మేమంతా ఒప్పుకున్నాం గానీ, కొడుకు కూడా ఎక్కడో కూర్చుని జనంలో తల్లిని వెతుకుతుండవచ్చని ఆవిడకు తప్ప ఎవరికీ రాలేదు.

మార్చి వచ్చేసరికి కాల్పులు మొదలయ్యాయి. వీడియోలో మొహం కనిపించినవాళ్ళను ఇళ్ళకు వచ్చి పట్టుకుపోతున్నారు. ఫోనుల్లో ఇంటర్నెట్టు కూడా ఆపేశారు. వైరు కనెక్షనున్న ఇళ్ళల్లో మాత్రం పగలు వచ్చేది, వీధిలో అలాంటిది మళ్ళీ మా ఇల్లే. ఒక మధ్యాహ్నం అప్ప మా ఇంట్లోకి పిండి చేతులతో వచ్చింది. మా అమ్మాయి ముందు ఫోను పెట్టింది. పాత ఊరేగింపు వీడియో. మాట్లాడే పిల్ల వెనకాల గొడుగు ఉంది, తెల్ల రవిక ఉంది. పైన మొహం ఉండవలసిన చోట అలికేసిన ముగ్గులా ఒక మసక.

"నా మొగమేదే?" అంది.

మా అమ్మాయి తడబడింది. దాని తెలుగు ఆ గాభరాలో ఇంకా సగమైపోయింది. "సేఫ్టీ అప్పా. పాతవన్నీ తీసి ఫేస్‌లన్నీ బ్లర్ చేసి మళ్ళీ పెట్టాం. కనిపిస్తే వచ్చి పట్టుకుపోతారు."

"నన్ను పట్టుకెల్లి ఏటి సేత్తారు? వడలేయిత్తారా?"

"నిన్నొక్కదాన్నే కాదు. నువ్వు ఎవరో తెలిస్తే వీధి తెలుస్తుంది. వీధి తెలిస్తే మేమందరం తెలుస్తాం."

"అందరివీ సెరిపెయ్యండి. నాదొక్కటీ ఉంచండి. నాను ఎవులి పేరూ సెప్పను."

"అప్పా, నిన్ను కొడితే?"

ఆవిడ మా అమ్మాయి మొహం కేసి చూసింది, తర్వాత నా మొహం కేసి. మా అమ్మాయికి పురిట్లో నీళ్ళు పోసింది ఆవిడే. ఇన్నేళ్ళ తర్వాత దొరికిన ఒకే ఒక్క దారి ఈ పిల్ల ప్రాణానికి అడ్డం వస్తోందని ఆవిడకు అర్థమవడం నాకు కనిపించింది. అది చూడటం అంత తేలిక కాదు.

"సరే. సెరిపెయ్యండి" అంది. "బాగా సెరిపెయ్యండి, ఆ గొడుగు కూడాను."

వారం తిరగకుండా మళ్ళీ వచ్చింది. ఈసారి చేతులు కడుక్కుని, ఆదివారం గుడికి వేసుకునే రవిక వేసుకుని. తనకు డాన్సు చేయాలని ఉందని చెప్పింది.

మా ఆవిడ చేతిలోంచి గిన్నె జారలేదు గానీ, జారినట్టే చూసింది. మా సంఘంలో పెళ్ళిళ్ళల్లో కూడా ఎవరూ అడుగు కదపరు. పైగా ఏ రోజులవి! పక్క వీధిలో శవం లేచి మూడు రోజులు కాలేదు. పాటా ఆటా పెట్టిన సినిమా తారల్నే జనం వెలివేస్తున్నారు.

మా అమ్మాయి మెల్లిగా చెప్పింది. "అప్పా, ఊరికే నిలబడు. వట్టి గోడ ముందు నిలబెట్టి తీస్తాను. నా కొడుకు కోసం వెతుకుతున్నానని కింద రాస్తాను. ఇది ఊరేగింపు కాదు కాబట్టి మన కోసం ఎవరూ రారు."

"ఊరికే నిలబడితే ఎవులు సూత్తారే? ఇన్నేళ్ళు సూసినాను. ఊరికే నిలబడ్డోళ్ళని నాను తప్ప ఎవులూ సూడరు." కొంచెం ఆగి, "ఏడిస్తే అయ్యో అని పక్కకి తోసేత్తారు. నవ్వొత్తే ఇంకోడికి పంపుతారు. ఆడు ఇంకోడికి పంపుతాడు. అలగ దీవులన్నీ తిరుగుతాది" అంది.

మా అమ్మాయి రోజూ ఈ పనే చేస్తూ కూడా ఇంత స్పష్టంగా ఎప్పుడూ ఆలోచించలేదని నాతో తర్వాత ఒప్పుకుంది. నేను డీకన్ని కదా, వద్దనాలి. వద్దని చెప్పడానికి నోరు తెరిచి, కిటికీ పరదా పక్కకు లాగాను, వెలుతురు వస్తుందని.

ఇండోనేసియాలో ఆ నెల కుర్రకారంతా ఊగుతున్న పాట ఒకటి ఆవిడే చెప్పింది. డోలు దెబ్బ తబలాలా ఉంటుంది, వేణువు పాత హిందీ పాటలా జారుతుంది. "మన పెళ్ళి బాజాలాగే ఉన్నాది, కాపోతే ఆళ్ళు సిగ్గు లేకుండా వాయిత్తారు" అంది. మా అమ్మాయి మొహం నున్నగా చేసే ఏదో నొక్కబోతే చెయ్యి పట్టుకుంది. "ఆడు ఎల్లినపుడు ఈ ముడతలే లేవు. గురుతుపట్టడం అసలే కట్టం, దాని మీద మళ్ళీ ఇంకో మొగం అంటించకు."

డాన్సు గురించి ఏం చెప్పను! నడుం కదలలేదు. చేతులు మాత్రం వడ అద్దినట్టు, మూకుడులోకి జార్చినట్టు, జల్లిగరిటెతో తీసి పక్కన పోసినట్టు తిరిగాయి. కాళ్ళు తాళానికి ఒక అడుగు వెనక. ఇంత జరుగుతున్నా మొహం మాత్రం మేకు కొట్టినట్టు కెమెరా కేసే. మొహం తిప్పితే పని చెడుతుందని ఆవిడ పట్టుదల. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పాట ఆగగానే అప్ప రొప్పుతూ తెలుగులో ఒక్క మాట అంది.

"అదే ఇంట్లో ఉన్నాన్రా."

"తెలుగులో చెప్తే ఎవరికి అర్థమవుద్ది అప్పా? బర్మాలో చెప్పొచ్చు కదా" అంది మా అమ్మాయి.

"ఆడికి అర్తమవుద్ది. మిగిలినోళ్ళతో నాకేటి పని?"

వీడియో ఎగిరింది. ఇండోనేసియా పిల్లలు విరగబడి నవ్వారు. తెరను రెండుగా చేసి ఒక పక్కన ఆవిడ, ఒక పక్కన తాము, అదే వడల డాన్సు ఆడారు. నానమ్మా ఇంకోటి అని రాశారు. మా ఊరి వాళ్ళు రాసింది వేరు. పిల్లలు చచ్చిపోతుంటే ముసలిదానికి గంతులా అన్నారు. తనకా పూసుకుని బర్మా పరువు తీసిందన్నారు. వీధిలో ఎవరో ఆవిడ వడలు కొనొద్దని చెప్పి తిరిగారు, కొనలేదు కూడా. పాస్టరుగారు నన్ను పిలిచి ఆవిడతో మాట్లాడమన్నారు. మాట్లాడాను. ఆవిడ చల్లారిన వడ ఒకటి నా చేతిలో పెట్టి, "తిను బాబూ, ఎవులూ సూడకుండా తిను" అంది. కారం మామూలుగానే ఉంది. కళ్ళల్లో నీళ్ళు మాత్రం దాని వల్ల వచ్చినవి కావు.

రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, కింద పడిన రాతలన్నీ మా అమ్మాయి చేత చదివించుకునేది. తిట్లు వస్తే "అది కాదు, తర్వాతిది" అనేది. పొగడ్తకూ అదే మాట.

అలా చదువుతుండగా ఒక రోజు బర్మాలో రాసినది వచ్చింది. ఆంటీ, బుగ్గల మీద తనకా చూసి ఎన్నేళ్ళయిందో, నేను దలా ఊరివాణ్ణి, ఇక్కడ ఒక దీవిలో ఉన్నాను, పడవ నుంచి పారిపోయాక ఇక్కడే, మా ఇల్లు బియ్యం మిల్లు వెనక వీధిలో ఉండేది, మా అమ్మ బతికుందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరా, అని. అప్ప ముందు తన కొడుకు గురించి అడిగించింది. పేరు, వయసు, కుడి కాలు కొంచెం ఈడ్చడం, అన్నీ. అతను చుట్టుపక్కల రెండు దీవుల్లో ఉన్న బర్మా వాళ్ళనందర్నీ అడిగానని మర్నాడు రాశాడు. అలాంటివాడు ఎవరికీ తెలియదన్నాడు. తన మొహం చూపిస్తూ చిన్న వీడియో కూడా పంపాడు.

ఆవిడ దాన్ని ఫోనులో పెట్టించుకుని ఆ మర్నాడే మా నదికి అవతలి ఒడ్డునున్న దలా వెళ్ళింది. వద్దన్నాం. రేవు దగ్గర సైనికులు ఫోనులు తెరిపించి చూస్తున్నారు. "నా ఫోనులో దెయ్యాలున్నాయి, సూసుకోనీ" అంది. నది దాటి, అక్కడ మోటారుసైకిల్ వాడి వెనకాల కూర్చుని, మిల్లు వెనక వీధి పట్టుకుంది.

పొద్దు వాలకముందే తిరిగొచ్చి మా ఇంట్లో కుర్చీలో కూలబడింది. బతికుందా అని అడిగాను.

"ఉన్నాది. దిట్టంగా ఉన్నాది. మిల్లు ముందు వడ్లు ఎండబోసుకుంటన్నాది. కొడుకు పోయినాడని ఎప్పుడో కర్మ కూడా సేసీసినాదంట, బిచ్చువుల్ని పిలిచి బోజనాలు పెట్టి. నాను ఫోను సూపించినాను. మొదట నమ్మనేదు. తర్వాత ఆ ఫోను నా సేతికి ఇయ్యనేదు." చెమట తుడుచుకుంది. "సూసి సూసి, నా సెయ్యి పట్టుకుని, నీ కొడుకు కూడా దొరుకుతాడులే అన్నాది."

"మంచి మాటే కదా అప్పా."

"ఒళ్ళు మండిపోనాది నాకు. కుళ్ళొచ్చినాది బాబూ, నీకు కాక ఎవులికి సెప్పను? ఇన్నేళ్ళు కళ్ళు కాయలు కాసీలాగ నాను ఎతికినాను. ఆవిడ ఒక్క వీడియో సూడనేదు. కర్మ కూడా సేసీసినాది. ఆవిడ కొడుకు దొరికినాడు. దేవుడు ఇల్లు తప్పినాడు అనుకున్నాను. అక్కడే, ఆవిడ ముందరే అనుకున్నాను. ఆవిడ అన్నం పెట్టినాది, తిననేదు."

డీకన్ అన్నవాడు ఇలాంటప్పుడు బైబిల్లోంచి ఒక వాక్యం చదవాలి. నాకు ఏ వాక్యమూ గుర్తు రాలేదు, వచ్చినా చదవగలిగేవాణ్ణి కాదు. ఆవిడ పక్షాన నాకూ దేవుడి మీద ఒళ్ళు మండింది. మా అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆవిడ ఫ్యాను కింద కూర్చుని గ్లాసు ఖాళీ చేసింది. వీధిలో ఎవరో పిల్లలు వచ్చి, మూసి ఉన్న వడల అరుగు చూసి వెళ్ళిపోయారు.

తర్వాత లేచింది. గోడ మీద అద్దంలో చూసుకుని, చెమటకు చెదిరిన తనకా వేలితో సరిచేసుకుంది.

"ఆ పాట పాతబడిపోనాది. ఇప్పుడు అక్కడ పడవ కుర్రోళ్ళు ఇంకోదానికి ఆడతన్నారు. అది పెట్టు."

మా అమ్మాయి పాట వెతికి, ఫోను నిలబెట్టి, నొక్కబోతూ అడిగింది. "ఆఖర్న మళ్ళీ అదే మాట చెప్తావా అప్పా?"

ఆవిడ కిటికీ ముందు నిలబడి, కెమెరా కేసి మొహం పెట్టి, కాస్త ఆలోచించింది.

"అదే మాట. ఈసారి బర్మాలో సెప్తాను" అంది. "ఆడికి బర్మా కూడా వొచ్చు గదా."